పంచె మోకాలి పైకి

1958లో నన్ను హిందూపురం నుంచి ధర్మవరం ఆస్పత్రికి అసిస్టెంట్ సర్జనుగా బదిలీ చేశారు. హోదాలో సర్జన్ అనే మాట ఉన్నా, నా కత్తికి దొరికేవి ఎక్కువగా సెగ్గడ్డలే.

అక్కడికి ఓబులేసు అనే పట్టుచీరల నేతగాడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్పై దాటని మనిషి. కుడికాలు చల్లబడి, వేలి మీద పుండు మానడం లేదు. పెనుకొండలో ఒక ప్రైవేటు డాక్టరు కాలు తీసేయాలన్నాడట.

"కాలు పోతే మగ్గం ఎవరు తొక్కల్ల సార్?" అంది తల్లి.

ఆ వయసు మగవాడికి కాలి రక్తనాళాలు మూసుకుపోతే మేం మొదట అనుమానించేది బీడీని. చాలాసార్లు నిజమే కూడా. మానేశావా అని అడిగాను.

"నాకు అలవాటే లేదు సార్. ముగ్గురు డాక్టర్లు మానమనిరి. అలవాటు లేదంటే నమ్మరు. ఇంగ మానేదానికని మొన్న మొదలుపెట్టినా."

అంత విధేయుడైన రోగిని నేను చూడలేదు.

ఆ ప్రాంతంలో కాలు చూపించమంటే పంచె మోకాలి దాకా ఎత్తడం రోగి మర్యాద. అంతకు మించి అడగకపోవడం డాక్టరు మర్యాద. నేను పంచె తీయించాను. తల్లి గోడవైపు తిరిగింది. గజ్జలో నాడి అందలేదు, పాదంలో మాత్రం సన్నగా అందింది. ముందు తలుపు మూసి ఉంటే రక్తం ఏ దారిన వస్తున్నట్టు? బోర్లా పడుకోబెట్టి చూస్తే పిరుదులో నాడి కొట్టుకుంటోంది.

గర్భంలో ఉన్నప్పుడు కాలికి రక్తం వెనకవైపు నాళం నుంచే వస్తుంది. తర్వాత అది ఎండిపోయి, తొడ ముందుభాగంలోని నాళం ఆ పని అందుకుంటుంది. బహు అరుదుగా ఒకరిలో పాతదే మిగిలిపోతుంది. అది పిరుదులోంచి దిగుతుంది కాబట్టి కూర్చుంటే నలుగుతుంది. ఓబులేసు గుంటమగ్గం ముందు, కాళ్లు గుంటలోకి దించి, పగలంతా చెక్కపలక మీద కూర్చునేవాడు. విషయం చెప్పాను.

"అంటే ఇన్నాళ్లూ నా కాలిమిందనే నేను కూర్చున్నానా సార్?"

దాదాపు అంతేనన్నాను.

మద్రాసులో రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి నా అనుమానం ఖాయం చేశారు. ఆపరేషన్ ప్రమాదమని, ముందు ఒత్తిడి తప్పించి చూడమన్నారు. వడ్రంగితో పలకకు కుడి పిరుదు ఆనేచోట గుంట తీయించాం. పుండు తీరిగ్గా మానింది. కాలు మిగిలింది, మగ్గం ఆడింది. ఆ వీధిలో మరికొందరు, ఏ జబ్బూ లేకుండానే, తమ పలకలకూ గుంటలు తీయించుకున్నారు. సుఖంగా ఉందన్నారు.

అలాంటి నాళం నా సర్వీసులో మళ్లీ తగల్లేదు. అయినా కాలు చల్లబడిందని వచ్చిన ప్రతివాణ్నీ పంచె తీయమన్నాను, బోర్లా పడుకోమన్నాను, రోజంతా దేనిమీద కూర్చుంటావని అడిగాను. కాలు మోకాలి దగ్గర మొదలుకాదు.