ఓడలో పప్పు గరిటె

మా అమ్మకు పద్నాలుగేళ్లుగా షుగరు. నాకు అంతకంటే ముదిరిన జబ్బు ఇంకొకటి ఉంది. ఎదుటివాళ్లు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పకుండా ఉండలేను. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. సిరిసిల్లలో కొన్నేళ్లు, ఎల్లంతకుంటలో కొన్నేళ్లు, చివరికి జగిత్యాలలో. ఎక్కడున్నా నా వార్డులో షుగరు పేషెంటు ఎవరైనా నా కన్నుగప్పి ఒక్క మిఠాయి ముక్క నోట్లో వేసుకుంటే ఒట్టు.

మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. రాయికల్ దగ్గరి పల్లెలో గుంట భూమి లేని ఇంట్లో పుట్టింది. ఊరివాళ్ల పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసి, పని లేని రోజుల్లో బీడీలు చుట్టి నన్ను నర్సు చదువు చదివించింది. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు ఒకసారి చూడ్డానికొచ్చి, మా హాస్టలు గోడమీది క్యాలెండరులో సముద్రం బొమ్మ ముందు నిలబడిపోయింది. "గిన్ని నీళ్లకు గట్టెక్కడుంటది బిడ్డా?" అని అడిగింది. అప్పటికి నేను కూడా సముద్రం చూసినదాన్ని కాదు. ఎప్పటికైనా ఈమెకు చూపించాలని మాత్రం అనుకున్నాను. అలా అనుకున్నాక నా ఉద్యోగమంతా గడిచిపోయింది.

రిటైరైన రెండో నెలలో ఇద్దరం కోరుట్లలో బొంబాయి బస్సెక్కాం. బొంబాయి నుంచి గోవా పోయి, మూడో రోజుకు తిరిగొచ్చే పెద్ద ఓడలో టికెట్లు తీసుకున్నాను. తిండి అంతా టికెట్టులోనే ఉందనీ, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవచ్చనీ చెప్పారు. ఆ మాట వినగానే నాకు గుండె దడ పట్టుకుంది. షుగరు మనిషిని తీసుకుపోయి అలాంటి చోట వదిలితే ఇంకేమన్నా ఉందా? బస్సులోనే ఒక కాగితం తీసి రాశాను. తినాల్సినవి ఒకవైపు: పప్పు, కూరగాయలు, చేప ముక్క, గోధుమ రొట్టె, మజ్జిగ. దూరం పెట్టాల్సినవి ఇంకోవైపు: ఆలుగడ్డ, మైదా, పండ్ల రసాలు, మిఠాయిలు, ఒక కప్పు దాటిన అన్నం. అవ్వకు చదువు రాదు కాబట్టి నిజామాబాదు దాటేలోపు మూడుసార్లు చదివి వినిపించాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "సరే తియ్, నువ్వు పెట్టిందే తింట" అంది. నేను సంతోషించాను తప్ప ఆ మాటను పట్టించుకోలేదు.

ఓడ గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ మాటలు చాలవు. రేవులో నిలబడి పైకి చూస్తే మెడ పట్టేసింది. ఒక్కొక్క అంతస్తులో జగిత్యాల బస్టాండు పట్టేంత జాగా. లోపల మెట్లు వాటంతటవే నడుస్తున్నాయి, గాజు లిఫ్టులు పైకీ కిందికీ తిరుగుతున్నాయి. ఇంత ఇనుము నీళ్ల మీద ఎలా నిలిచిందో నాకు అర్థం కాలేదు. అయినా తెలిసినదానిలా తల పంకిస్తూ నడిచాను. అవ్వ మాత్రం నోరు తెరుచుకొని, నవ్వుతూ, దారిలో ప్రతి మనిషికీ దండం పెట్టుకుంటూ వచ్చింది.

ఇక భోజనాల హాలు. ఆ గది ఈ చివరినుంచి ఆ చివర కనిపించలేదు. మంచు ముక్కల మీద పరిచిన చేపలు, పువ్వులా చెక్కిన పుచ్చకాయ, మొసలి ఆకారంలో కాల్చిన రొట్టె. అన్నాలే ఏడు రకాలు. పప్పులు, కుర్మాలు, మాంసం కూరలు, పేర్లు చదివినా నోరు తిరగనివి ఇంకెన్నో. మూత ఎత్తితే ఆవిరి, దించితే తళతళ. ఎవరికి వాళ్లు పళ్లెం పట్టుకొని గరిటె, మా ఊరి మాటలో గంటె, తీసుకొని వడ్డించుకుంటున్నారు. మా అవ్వ గుమ్మంలోనే ఆగి, "ఎన్ని ఊర్ల పెండ్లి బిడ్డా గిది?" అంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆమెకు ఇది చూపించగలిగాను కదా అని నా మీద నాకే గర్వమనిపించింది.

ఆ గర్వంలోనే మిగతాది చూడలేదు. అవ్వ రెండు చేతులూ కొంగులో చుట్టుకొని, ఒక్కొక్క పాత్ర ముందు ఆగి, తొంగి చూసి, ముందుకు కదిలింది. హాలులో ఏసీ బాగా ఉంది కదా, చలికనుకున్నాను. చివరికి ఒక మూల పెనం మీద రొట్టెలు కాల్చి ఇచ్చే మనిషి దగ్గర ఆగింది. అతను పళ్లెంలో రెండు రొట్టెలు పెట్టి, పక్కనున్న పప్పు పోసిచ్చాడు. అది తెచ్చుకొని తింది. రాత్రి భోజనానికి కూడా అదే మనిషి, అవే రెండు రొట్టెలు.

"శెభాష్ అవ్వా, అంత తిండి ముంగట పెట్టుకొని గింత నియమంగ ఉన్నవ్" అని మెచ్చుకున్నాను. నా పళ్లెంలో ఆ టైముకు మూడు రకాల మిఠాయిలున్నాయి. చారు అనుకొని పోసుకున్న పుట్టగొడుగుల సూపు పక్కన చల్లారుతోంది. షుగరు నాకు లేదు కదా అని నా ధీమా. అవ్వ నా పళ్లెం చూసి, "నీ కాయితంల గివి రాయలేదా?" అని నవ్వింది.

మర్నాడు పొద్దున షుగరు మాత్ర వేసి, టిఫినుకు తీసుకెళ్లాను. రొట్టెల మనిషి ఆ పూట లేడు. ఇడ్లీలు, ఉప్మా, ఉడికించిన గుడ్లు, అన్నీ ఎవరికి వాళ్లు తీసుకునేవే. కాఫీ యంత్రం దగ్గర జనం ఎక్కువగా ఉండటంతో నాకు ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి అవ్వ ఖాళీ బల్ల ముందు కూర్చొని ఉంది. తిన్నావా అంటే, "తిన్న, పల్లెం తీస్కపోయిండ్రు" అంది. వార్డులో ఎంతమంది అబద్ధాలు పట్టుకున్నానో. మా అవ్వ అబద్ధం మాత్రం పట్టుకోలేకపోయాను.

పది దాటాక పైడెక్కు మీదికి పోయి కమ్మీల దగ్గర కుర్చీలు వేసుకున్నాం. ఎటు చూసినా నీళ్లే. ఎక్కడా ఒక ఒడ్డు లేదు, చెట్టు లేదు. అవ్వ చాలాసేపు చూసి, "నిజంగనే గట్టు లేదు బిడ్డా. ఎవ్వలు ఆపుతలేరు, అయినా ఆగింది" అంది. ఆ మాటకు నేను కూడా నీళ్లకేసే చూస్తూ ఉండిపోయాను. ఇటు తిరిగేసరికి ఆమె ముఖం నిండా చెమట. చెయ్యి పట్టుకుంటే మంచుముక్క. "నాట్లకు పొద్దువోతున్నది, లే" అంటూ లేవబోయి తూలింది.

సంచిలోంచి షుగరు చూసే మిషను తీసి వేలికి గుచ్చాను. యాభై నాలుగు. డెబ్బైకి తగ్గకూడని అంకె అది. కాఫీ దగ్గర తీసుకున్న చక్కెర పొట్లాలు సంచిలో ఉన్నాయి. అవి నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాను. పావుగంట తర్వాత మళ్లీ గుచ్చి చూస్తే అంకె పెరిగింది. కళ్లు తేటపడి, నన్ను గుర్తుపట్టినట్టు చూసింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

"మాత్ర మింగి తినకపోతే సస్తవని నీకు తెల్వదా? గంత తిండి పెట్టుకొని ఎందుకు తినలే?"

ఆమె కొంగు సర్దుకుంది. "గంటె ఎవ్వలు ఇయ్యలే" అంది.

"ఇచ్చేదేంది? నువ్వే తీస్కోవాలె. అందరు తీస్కుంటలేరా?"

అవ్వ నీళ్లకేసి చూస్తూ చెప్పింది.

"నాకు తొమ్మిదో పదో ఏండ్లు. పటేలు ఇంట్ల పెండ్లి. అందరు తిన్నంక మన వాడోళ్లను పిలుస్తుండిరి. కొట్టం పక్కన ఎవల గిన్నెలు వాళ్లం పట్టుకొని కూసున్నం. పైకెల్లి పోస్తరు, మనం పట్టాలె. వడ్డించెటాయన బువ్వ పెట్టి ఎటో పోయిండు. మా తమ్ముడు ఒక్కతీర్గ ఏడుస్తుండు. పప్పు గుండి గాడనే ఉన్నది, గంటె దాంట్లనే ఉన్నది. లేసి ఒక్క గంటె తీసి వాని గిన్నెల పోసిన."

"కొట్టిండ్రా?"

"కొడితే అయిపోతుండె బిడ్డా. కొట్టలే, తిట్టలే. ఇద్దరచ్చి గుండి లేపుకపోయి మోరి కాలువల కుమ్మరిచ్చిండ్రు. మొత్తం గుండి, నా కండ్ల ముంగటనే. మనోళ్లు ఎంతమందో ఇంక పప్పు కోసం సూస్తుండిరి. అందరు వట్టి బువ్వ తిని లేసిండ్రు. నన్ను ఒక్కలు గూడ ఏమనలే. మా అవ్వ గూడ ఏమనలే."

"ఎప్పటి ముచ్చట అవ్వా అది? గీడ నువ్వెవలో ఎవలకు తెలుసు?"

"గాడ గూడ ఎవ్వలు సూస్తలేరనే అనుకున్న. గింత బువ్వ, ఎంతమంది ఎప్పట్నుంచి వండిండ్రో. నా చెయ్యి తగిలిందని మళ్ల పారబోస్తే నేను సూడలేను బిడ్డా."

జగిత్యాలలో, కోరుట్లలో ఎన్ని ఫంక్షన్‌హాళ్లకు పోయామో. ప్రతిసారీ, "నువ్వే పెట్టి తే, నాకేం తెలుస్తది" అని కుర్చీలో కూర్చునేది. పెద్దమనిషి, మొహమాటమనుకునేదాన్ని. మా ఇంట్లో ఎంతమంది వచ్చినా గరిటె తన చేతిలోంచి వదలని మనిషి, బయట ఒక్కచోట కూడా గరిటె పట్టుకోలేదని అరవై ఏళ్లు దాటాక తెలుసుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువగా ఆమెను చూసి ఆశ్చర్యపోయాను. అవమానానికి భయపడి ఉంటే నాకు అర్థమయ్యేది. ఈమె పాడైపోయే అన్నం కోసం, పస్తుండే మనుషుల కోసం తన కడుపు మాడ్చుకుంది.

"పగటి బువ్వ నేనే పెట్టి తెస్త తియ్" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఒద్దు. నువ్వు లేనప్పుడు మళ్ల గిట్లనే పస్తుంట. నాకేమన్నయితే గీ నీళ్ల మీద నువ్వొక్కదానివే అయితవు. నేనే తీస్కుంట. నువ్వు పక్కన్నే ఉండు" అంది.

హాలు తెరవగానే పోయాం. ఇంకా జనం రాలేదు. అవ్వ పళ్లెం పట్టుకొని అన్నిటినీ దాటి తిన్నగా పప్పు దగ్గరికి నడిచింది. మూత నేనెత్తాను. నిండా పసుపుపచ్చని పప్పు, పైన ఎర్రటి తాలింపు, అందులో పొడవాటి గరిటె. కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది. వేళ్లు గరిటె దాకా పోయి ఆగాయి. ఒకసారి వెనక్కి చూసి, గరిటె పట్టుకొని, తీసి, పళ్లెంలో పోసుకుంది. కొంచెం అంచు మీద ఒలికింది. ఆ తర్వాత గరిటెను తిరిగి పాత్రలో పెట్టడానికి చెయ్యి రాక, అలాగే పట్టుకొని నిలబడిపోయింది.

వెనక ఎవరో వచ్చారు. చేతినిండా గాజులు, ముక్కుకు రాళ్ల పుడక, పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ. "హోగయా మాజీ?" అని, అవ్వ చేతిలోంచే గరిటె అందుకొని, తన పళ్లెంలో రెండు గరిటెలు వేసుకొని పోయింది. అవ్వ పళ్లెం నా చేతిలో పెట్టేసి ఆమె వెనకే నడిచింది. నేను కొంగు పట్టి లాగినా ఆగలేదు. ఆవిడ బల్ల దగ్గర కూర్చొని, అన్నంలో పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా స్తంభం పక్కన నిలబడి చూసింది.

"తిన్నది" అంది నా దగ్గరికొచ్చి.

అప్పుడు కూర్చొని తను కూడా తింది. ఆ పప్పు, ఒక కప్పు అన్నం, ఒక చేప ముక్క. నా కాగితం ప్రకారం ఒక్క తప్పూ లేదు. తినడం అయిపోయినా లేవలేదు. ఆ బల్ల నుంచి పప్పు పాత్ర కనిపిస్తుంది. జనం వస్తున్నారు, గరిటె తీస్తున్నారు, పోతున్నారు. లేద్దామంటే, "జర ఉండు" అంటుంది. గంట దాటాక పనివాళ్లలో ఒకాయన వచ్చి పాత్రను రెండు చేతులా ఎత్తాడు. అవ్వ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎటు తీస్కపోతున్నడు? అడుగు."

పోయి, నాకొచ్చిన హిందీలో అడిగాను. మా అవ్వ చూడాలంటోందని చెప్పాను. ఆయనకు ఏం అర్థమైందో కానీ నవ్వి, మా బల్ల దగ్గరికి నడిచొచ్చి పాత్రను ఆమె వైపు వంచి చూపించాడు. అడుగున తాలింపు మరకలు, ఒక ఎండుమిరపకాయ, అడ్డంగా పడి ఉన్న గరిటె. అంతే.

అవ్వ ఆ ఖాళీ పాత్రలోకి వంగి చూసింది. లోపల వేలు పెట్టి అడుగంతా తడిమింది.

"మొత్తం తిన్నరు బిడ్డా" అంది. "ఒక్క గంటె గూడ పారబోయలే."