నగరి వీధి నుంచి నలభై లింకులు

అది 2022 ఎండాకాలం. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడ మీద గదిలో నా ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, కింద మెస్సు నుంచి పైకొచ్చే తాలింపు ఘాటు. నేను చేసే పనిని ఎస్‌ఈఓ అంటారు. ఎవరైనా ఫోన్లో ఒక వస్తువు పేరు కొట్టి వెతికినప్పుడు, నా దగ్గరికి వచ్చినవాళ్ల వెబ్‌సైటు మొదటి పేజీలో కనబడేట్టు చూడడం. మా అమ్మకు ఈ పని పదేళ్లుగా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "అంగళ్లను ముందుకు జరుపుతాదంట" అని చెప్పి ఊరుకుంటుంది. నిజానికి అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

మా పనిలో అన్నిటికన్నా విలువైనది బ్యాక్‌లింక్. అంటే వేరేవాళ్ల సైటు నుంచి మన సైటుకు దారి చూపే లింకు. సెర్చ్ ఇంజిన్ దాన్ని ఒక మంచి మాటగా తీసుకుంటుంది. పేరున్న చోటు నుంచి నాలుగు వస్తే చాలు, సైటు పైకి లేస్తుంది. చెత్త సైట్ల నుంచి వేలకు వేలు లింకులు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లంటే నాకు ఒళ్లు మంట. అందుకే సైటు పడిపోయిందని ఎవరొచ్చినా "ఎవరి దగ్గర కొన్నారు?" అని అడగడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే మునిరత్నం అన్న ముందు మొదటి రోజే నోరు జారాను.

ఆయన నగరి నుంచి బస్సులో వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో గుడ్డసంచి. ఇంట్లో మూడు గుంట మగ్గాలు. భార్య వళ్లెమ్మా ఆయనా నూలు చీరలు నేసి, సొంత వెబ్‌సైటులో నేరుగా కట్టుకునేవాళ్లకే అమ్ముతున్నారు.

"పోయినేడు దాకా నగరి నూలు చీరలు అని కొడితే మొదటి పేజీలో మేమే ఉంటిమి మ్మా. ఇప్పుడు యాడుండామో నాకే కనపడలా. ఫోను మోగి నెలయింది," అన్నాడు.

"చీరలు వ్యాపారులకు వేయకూడదా అన్నా?"

"వాళ్లకేస్తే నూలు ఖర్చు గూడా రాదు. మా బామ్మర్ది తడ కాడ ఒక కంపెనీలో సెక్యూరిటీ పని మాట్లాడి పెట్టినాడు. ఆడికృత్తిక అయినాక వచ్చి చేరమంటాండాడు. అంతలోపల సైటు పైకొస్తే సరి. రాలేదా, మగ్గాలు అమ్మేసి పోతా."

ఆడికృత్తిక అంటే జులై, ఆగస్టుల్లో వచ్చే తిరుత్తణి కొండ పండగ, దానికి ఇంకా మూడు నెలలు కూడా లేవు. నేను సైటు తెరిచి, దానికి వస్తున్న లింకుల జాబితా తీశాను. నలభై దాకా ఉన్నాయి. సెల్లు రిపేరు అంగడి, బిర్యానీ హోటలు, పిండి మిషను, టైలరు, పూల కొట్టు. అందరి సైట్లూ ఒకే అచ్చు. అన్నిటి అడుగునా ఒకే వాక్యం, "మునిరత్నం చీరలే మంచి చీరలు." మునిరత్నం సైటు అడుగున చూస్తే ఆ నలభై మంది పేర్లు వరసగా ఉన్నాయి.

"ఎవరి దగ్గర కొన్నారన్నా ఈ చెత్త?" అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "చెత్త కాదు మ్మా. మా వీధోళ్లు," అన్నాడు.

అప్పుడు విషయం తెలిసింది. లింకులు ఎక్కువుంటే సైటు పైకొస్తుందని ఎవరో వీడియోలో చెబితే విన్నాడు. వాళ్ల వీధిలో పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, పరిచి గంజి పట్టించే రోజున పదిహేను మంది దాకా చేతులు కావాలి. ఈ రోజు నా పడుగుకు నువ్వొస్తే, రేపు నీ పడుగుకు నేనొస్తాను. ఇది వాళ్ల తాతల నాటి పద్ధతి. లింకులు కూడా అలాగే అనుకున్నాడు. నెట్ సెంటర్ ఆయన్ని పట్టుకుని వీధిలో అందరికీ తలా ఒక సైటు చేయించాడు. నీ పేరు నేను రాస్తా, నా పేరు నువ్వు రాయి. ఇంత ప్రేమగా, ఇంత కష్టపడి సొంత సైటును ముంచుకున్నవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

"ఒంటె అందాన్ని గాడిద, గాడిద గొంతును ఒంటె మెచ్చుకున్నట్టు ఉంది అన్నా. సెర్చ్ ఇంజిన్‌కు ఇదంతా ఒక్క చేతి పనిగా కనబడుతుంది. మోసం అనుకుని కిందికి తోసేస్తుంది."

"మా వీధోళ్లు నాకు సాయం చేస్తే అది మోసం ఎట్లవుతాది మ్మా?"

"మోసం కాదు, లెక్కలోకి రాదు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు పిల్లోడి గురించి వాళ్ల మేనమామను అడుగుతామా? ఏ సంబంధమూ లేని పక్క ఊరోళ్లను అడుగుతాం. వాళ్లు మంచోడంటే నమ్ముతాం."

ఆయన గుడ్డసంచి ఒళ్లోకి లాక్కున్నాడు. "అయితే ఇప్పుడేం చెయ్యాల?"

"ముందు ఆ నలభై మందీ మీ పేరు తీసేయాలి. మీరు వాళ్ల పేర్లు తీసేయాలి."

సంచి తీసుకుని లేచి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. మరుసటి రోజు వళ్లెమ్మ ఫోన్ చేసింది. గొంతులోనే కోపం తెలుస్తోంది.

"ఏం మ్మా, పేర్లు తీసేయమంటివంటనే. వీధిలో మనిషి పేరు కొట్టేస్తే ఆ మనిషితో మాట వద్దన్నట్టే. రేపు మా పడుగుకు ఎవరొస్తారు? నువ్వొచ్చి పట్టుకుంటావా?"

పేర్లు తీయకపోతే సైటు లేవదు. తీస్తే పడుగుకు మనుషులు రారు, మనుషులు రాకపోతే చీరే లేదు. ఏ మగ్గాలు నిలబడాలని ఆయన నా దగ్గరికి వచ్చాడో, నా సలహాతోనే అవి ఆగిపోయేట్టు ఉన్నాయి. "ఈసారి పడుగు ఎప్పుడు వేస్తారో చెప్పక్కా, నేనే వస్తాను," అన్నాను.

ఆ ఆదివారం తెల్లవారుజామున మొదటి బస్సెక్కి పోయాను. పొద్దు పొడిచే వేళకు వీధి పొడవునా పడుగు బిగించి ఉంది. తెల్లటి పోగులు ఈ కొస నుంచి ఆ కొసకు. వళ్లెమ్మ గంజి బానతో నడుస్తుంటే, పెద్ద కుంచె చెరోవైపు పట్టుకుని ఇద్దరు మగవాళ్లు పోగుల మీద లాగుతున్నారు. మిగతావాళ్లు తెగిన పోగులు వెతికి అతుకుతున్నారు. ఎండ ముదరక ముందే అంతా అయిపోవాలి. నేను కూడా ఒక చివర పడుగు బిగించిన కర్ర పట్టుకున్నాను. పట్టుకునే, పేర్ల సంగతి ఎత్తాను.

బిర్యానీ హోటలు సుబ్రమణ్యం కుంచె ఆపి నా వైపు తిరిగాడు. "అంటే మా మాట పనికిరాదా? మేమేమన్నా అబద్ధం రాసినామా?" అన్నాడు. అందరి చేతులూ ఆగాయి.

వళ్లెమ్మే కేక పెట్టింది. "కుంచె ఆపితే గంజి ఎండిపోతాదప్పా! నీ రాత మాకొద్దు, నీ చెయ్యి కావాల. రాత ఎవురైనా రాస్తారు. నీ మాదిరి కుంచె లాగేవోడు నగరిలో ఇంకొకడుండాడా?"

సుబ్రమణ్యం నవ్వు ఆపుకోలేకపోయాడు. "సరేలే, పేరు తీసేస్తా. పడుగుకు పిలవకపోతే మాత్రం ఊరుకోను," అని మళ్లీ కుంచె అందుకున్నాడు. ఒకరు ఒప్పుకుంటే వీధంతా ఒప్పుకుంది. నాలుగు రోజుల్లో నలభై పేర్లూ పోయాయి.

ఆ కర్ర పట్టుకుని నిలబడ్డప్పుడే నాకు ఇంకో సంగతి తట్టింది. పదేళ్లుగా పనిచేస్తున్నాను. వీధిలో పడుగుకు గంజి పట్టించడం గురించి వివరంగా ఎవరూ రాయగా నేను చూడలేదు. ఇంటికొచ్చి వెతికాను. అక్కడో ఫోటో, ఇక్కడో రెండు వాక్యాలు, అంతే. బంగారం ముంగిట్లో పెట్టుకుని వీళ్లు సెల్లు రిపేరు అంగడి లింకుల కోసం తిరిగారు!

మళ్లీ రెండు పడుగులకు పోయాను. గంజికి ఏ బియ్యం, ఎంత పలుచన, కుంచె ఎటు లాగాలి, మబ్బు పడితే ఏం చేయాలి, అన్నీ అడిగి రాసుకున్నాను. తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో పెద్ద పేజీ తయారైంది. ప్రతి ఫోటో కిందా ఆ మనిషి పేరు, అతను చేసే పని. "కుంచె లాగుతున్నది సుబ్రమణ్యం" అని చూసి ఆ మహానుభావుడు హోటలుకు వచ్చినవాళ్లందరికీ ఫోన్ చూపించాడట.

పేజీ పెట్టినంత మాత్రాన లింకులు రావు. దీని అవసరం ఉన్నవాళ్లకు తెలియాలి. చేనేత నేర్పే టీచర్లు, చీరల గురించి రాసేవాళ్లు, బొమ్మలకు బట్టలు కుట్టేవాళ్లు, ఇలా అరవై ఈమెయిలు చిరునామాలు వెతికి ఉత్తరాలు పంపాను. పదిహేను రోజులు గడిచినా ఒక్క జవాబు లేదు. వళ్లెమ్మ ఆ ఉత్తరం చదివి వినిపించమంది. విన్నాక అడిగింది.

"అరవై మందికీ ఇదేనా?"

"ఇదే అక్కా."

"పెండ్లి పత్రిక గూడా పేరు రాసి, ఇంటికి పోయి, బొట్టు పెట్టి ఇస్తాము. ఇట్ల వీధిలో పారేస్తే ఎవరొస్తారు మ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. నలభై సైట్లలో ఒకే వాక్యం ఉందని ఎగతాళి చేసిన నేనే అరవై మందికి ఒకే ఉత్తరం పంపాను. మళ్లీ మొదలుపెట్టి, ఒక్కొక్కరు ఏం రాశారో, ఏం నేర్పుతున్నారో చదివి, ఒక్కొక్కరికి వేరేగా రాశాను. లింకు ఇవ్వమని ఎక్కడా అడగలేదు. ఇందులో తప్పుంటే చెప్పండి అన్నాను.

నాలుగో రోజు ఒక చేనేత కోర్సు టీచరమ్మ ఫోన్ చేసింది. గంజిలో నూనె ఎంత వేస్తారో పేజీలో లేదట. వళ్లెమ్మకు ఫోన్ కలిపాను.

"కొలత లేదు మ్మా. పోగు తీసి వేలికి చుట్టి సూస్తాము. ఇరిగితే నూనె చాలలేదని, అంటుకుంటే ఎక్కువైందని. ఎండను బట్టి మారతాది."

ఆ టీచరమ్మ "ఇదే ఏ పుస్తకంలోనూ దొరకలేదండీ," అంది. ఆ వారంలోనే వాళ్ల కాలేజీ సైటులో పిల్లలు చదవాల్సిన వాటిలో మన పేజీ చేరింది. అదే మొదటి నిజమైన బ్యాక్‌లింక్. దాన్ని చూసి చీరల గురించి రాసే ఇద్దరు, ఆ తర్వాత ఒక పత్రిక. నేను ఎవరినీ అడగలేదు. వాళ్లంతట వాళ్లే దారి చూపారు.

సైటు ఏడో పేజీ నుంచి నాలుగుకు, నాలుగు నుంచి రెండుకు వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. రెండో పేజీ దాకా తిప్పి చూసేవాళ్లు ఉండరు. ఆడికృత్తిక ఇంకో ఐదు రోజులుంది. బామ్మర్ది యూనిఫారం కొలతలు కూడా పంపమన్నాడని, మగ్గాలు చూసుకోవడానికి ఒకాయన వచ్చి పోయాడని మునిరత్నం అన్న నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు చేసేది నువ్వు చేసినావులే పాపా," అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

ఆడికృత్తిక రోజు. నగరి మీదుగా తిరుత్తణికి మొక్కు కావళ్లు ఎత్తుకుని పోయే జనం పసుపు బట్టలతో రోడ్లన్నీ పచ్చగా ఉంటాయి. తిరుపతిలో నేను కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఆశ లేకుండానే ఆ మాట కొట్టాను. నగరి నూలు చీరలు. మొదటి పేజీ. పైనుంచి మొదటి పేరు మునిరత్నానిదే!

నమ్మలేక మెస్సు ఆయన ఫోన్లో కొట్టించాను. అదే. ఎదురింటావిడ ఫోన్లోనూ అదే. పత్రిక లింకు ఇప్పటికి లెక్కలోకి వచ్చినట్టుంది. మెట్ల మీద నిలబడి గట్టిగా అరిచాను. అన్నకు ఫోన్ చేస్తే ఎంతసేపటికీ బిజీ. మధ్యాహ్నం ఆయనే చేశాడు. వెనక డప్పులు, జనం కేకలు.

"పొద్దున నుంచి ఫోను కింద పెట్టనీలేదు పాపా! ఉండే చీరలన్నీ అయిపోయినాయి. ఇంక నేసి పంపాల, ఆగమని చెప్తాండాము."

"బామ్మర్దికి ఏం చెప్పారన్నా?"

ఫోన్ వళ్లెమ్మ లాక్కుంది. "ఆయన చెప్పేదేంది, నేను చెప్పినా. ఈడ మాకే మనుషులు చాలడం లేదు, నువ్వే రారా అని!"

లింకు అడిగి తెచ్చుకునేది కాదని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. నీకు మాత్రమే తెలిసిన పనిని దాచుకోకుండా చెబితే, ముక్కూ ముఖం తెలియనివాళ్లు కూడా నీ ఇంటికి దారి చూపిస్తారు. ఇప్పుడు ఎవరైనా వచ్చి "ఎన్ని లింకులు ఇప్పిస్తారు?" అంటే, "మీ పనిలో ఎవరూ రాయనిది ఏముంది?" అని అడుగుతాను. ఏమీ లేదనే అంటారు అందరూ. కూర్చోబెట్టి అడిగితే గంట దాటినా ఆపరు.

మునిరత్నం ఇంట్లో ఇప్పుడు నాలుగో మగ్గానికి గుంట తవ్వారు. దాని మీద నేసేది ఆ బామ్మర్దే.