చివరి ఫేడర్

పోయిన ఏడాది, ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో వానాకాలం. ఆడియో పరికరాల రిపేరు నా వృత్తి. మన తెలుగువాళ్లు పాటకచేరీలు పెట్టుకునే హాల్లో పాత డిజిటల్ మిక్సింగ్ కన్సోల్ ఒకటుంది. మైకుల శబ్దాలన్నీ కలిసేది అందులోనే. దానికి దయ్యం పట్టిందని కబురొస్తే నవ్వొచ్చింది. ఈ తేమలో యంత్రాలకు పట్టేది తుప్పే.

హాలు తెరిచింది శారద ఆంటీ. మా ఊళ్లో పాటంటే ఆవిడదే. ఆ కన్సోల్ నడిపిన ఆవిడ భర్త మూర్తి అంకుల్ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆ తర్వాత ఆవిడ స్టేజీ ఎక్కలేదు. శనివారం కచేరీకి అతి కష్టం మీద ఒప్పుకున్నారట.

పవర్ వేశాను. ఫేడర్లు, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే మీటలు, అన్నీ కిందే ఉన్నాయి. చివరిది మాత్రం మెల్లగా పైకి జరిగి, సగానికి కాస్త కింద ఆగింది. దానికి వెనక ఏ మైకు వైరూ లేదు. కిందికి లాగాను. పవర్ ఆపి మళ్లీ వేస్తే తిరిగి అక్కడికే వచ్చింది. పట్టపగలే ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు?

కంప్యూటర్ యూనిట్ విప్పాను. కన్సోల్‌కి మెదడు అదే. అందులో జ్ఞాపకాన్ని నిలబెట్టే బ్యాటరీ చివరి దశలో ఉంది. అందుకే ఎవరేం మార్చినా నిలవక, అంకుల్ ఎప్పుడో పెట్టిన మొదటి సెట్టింగుకే పోతోంది, లోపలి మోటారు ఆ మీటని అక్కడికి నెడుతోంది. బ్యాటరీ మార్చకపోతే కచేరీ మధ్యలో అంతా ఆగిపోవచ్చు. మారిస్తే పాతవన్నీ చెరిగిపోతాయి. అదే చెప్పాను.

ఆంటీ ముఖం పాలిపోయింది. "అయితే అది మారిస్తే ఆయనిక రారా?"

ఆ ఫేడర్ దేనిదో వెతికాను. కన్సోల్ మీదే ఉండే చిన్న టాక్‌బ్యాక్ మైకుది. బటన్ నొక్కి అందులో మాట్లాడితే, పాడేవాళ్ల కాళ్ల దగ్గరి స్పీకర్లో మాత్రమే వినిపిస్తుంది.

"నేను పల్లవి ఎత్తుకునే ముందు ఆయన 'ఊఁ' అనేవారు బాబూ," అన్నారావిడ. "అది వినబడితేగానీ నాకు గొంతు పెగిలేది కాదు."

ఫేడర్ ఆగిన చోట పెన్సిలు గీత పెట్టి బ్యాటరీ మార్చాను. ఆ మీట మళ్లీ కదల్లేదు. నాకే దిగులేసింది. ఆ 'ఊఁ' నేనంటానని ఆవిడకు మాటిచ్చాను.

శనివారం ఫేడర్‌ని గీత దాకా నెట్టి కూర్చున్నాను. ఆంటీ కళ్లు మూసుకుని నిలబడ్డారు. హాలంతా నిశ్శబ్దం. నేను మైకు దగ్గరికి వంగుతున్నాను, ఆవిడ పల్లవి ఎత్తుకున్నారు. నేనింకా బటన్ మీద వేలైనా పెట్టలేదు.

కచేరీ అయ్యాక వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "అచ్చం ఆయనలాగే అన్నావు బాబూ."

ఇప్పుడు ఏ పాత యంత్రం విప్పాలన్నా ముందు ఒకటి అడుగుతాను, ఇందులో ఏది పోకూడదని. ఈ కేసు నాకు నేర్పింది అదే. ఆ బటన్ నేను నొక్కలేదని మాత్రం ఆంటీకి ఈ రోజుకీ చెప్పలేదు.