కోరుట్ల ప్రింటు

సినిమా ఎక్కడ చూసినా ఒకటే అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. వాళ్లు సిరిసిల్లలో మ్యాట్నీ చూసి ఉండరు.

మా ఊరు సిరిసిల్ల. ఇంట్లో నాలుగు సాంచలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా ఆడుతుండేవి. వాటి మధ్య పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు, ఎవరైనా మెల్లగా మాట్లాడితే వినపడదు. అందుకని మా టాకీసులో సౌండు బాగా పెంచి పెట్టేవారు. అయినా హీరోయిన్ హీరో చెవిలో ఏదైనా అంటే, ఏమన్నదో చెప్పమని హాలంతా గోల. ఇద్దరూ కళ్లతోనే మాట్లాడుకునే సీను వచ్చిందా, మిషను చెడిపోయిందనుకుని వెనక్కి తిరిగి ఆపరేటర్‌ను తిట్టేవారు. మాటలు ఎక్కువున్నదే మంచి సినిమా అని డిగ్రీలో చేరేదాకా నేనూ నమ్మాను.

డిగ్రీ జగిత్యాలలో. అక్కడి జనం వేరు. రాయికల్, సారంగాపూర్ దిక్కు ఊళ్ల నుంచి చాలామంది గల్ఫ్‌లో ఉండేవారు. సెలవు మీద వచ్చినవాళ్లు ఆ సినిమాను అప్పటికే అక్కడి గదిలో క్యాసెట్ వేసుకుని చూసి ఉండేవారు. టాకీసులో మన పక్కన కూర్చుని, ఇప్పుడు వీడు చస్తాడు, ఆమె వీడి చెల్లెలే అని ముందే చెప్పేసేవారు. కథ తెలిసిపోయాక ఇంకేం చూస్తాం? ఎవరు ఎక్కడ నిలబడ్డారు, కెమెరా ఎటు జరిగింది, ఆ ఇల్లు మనుషులు ఉండే ఇల్లులా ఉందా లేదా అని చూడటం నాకు అక్కడే అలవాటయింది. నన్ను విమర్శకుణ్ణి చేసింది పుస్తకాలు కాదు, దుబాయి నుంచి వచ్చిన వాగుడుకాయలు. ఈ మాట తర్వాత నా సమీక్షలు వేసిన హైదరాబాదు పత్రికవాళ్లతో అనలేదు.

చదువయ్యాక కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ, ఉండేది అక్కడే. తన ఇంట్లో ఉండటానికి ఒక అర్ర నాకిచ్చింది. ఆమె బీడీలు చేసేది. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, నాకంటే మూడేళ్లు చిన్న. నేను వెళ్లేనాటికి వాడు ఇల్లు విడిచి ఏడాదిన్నర. ఎవరడిగినా చిన్నమ్మ ‘బొంబయి పోయిండు’ అనేది.

ఆ రోజుల్లో మా దిక్కు బొంబాయిలు రెండు. ఒకటి రైలెక్కి పోయేది. రెండోది అడవిలో ఉండేది. పిల్లవాడు నక్సలైట్లలో, మా మాటలో అన్నలలో, కలిశాడని అనుమానం వచ్చి పోలీసులు ఇంటికొస్తే, చెప్పే జవాబు అది. చెప్పి చెప్పి, చివరికి ఇంటివాళ్లు తమలో తాము కూడా అదే మాట అనుకునేవారు. ఏ బొంబాయో విడమర్చి అడగటం మర్యాద కాదు. అయితే మొదటి బొంబాయి నుంచి ఉత్తరాలు వచ్చేవి. చిన్నమ్మకు ఒక్కటీ రాలేదు. కొడుకు ఉన్నాడో లేడో ఆమెకు తెలియదు. పొద్దున లేచింది మొదలు ఆమెకున్న ఆలోచన అదొక్కటే.

అప్పటికి నేను హైదరాబాదులోని ఒక మాసపత్రికకు సినిమా సమీక్షలు పంపుతున్నాను. మూడు అచ్చయ్యాయి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నా పని, బడిలో కూడా తలెగరేసి నడిచేవాణ్ణి. నాలుగో దాని కోసం ఒక కొత్త సినిమాకు వెళుతూ చిన్నమ్మను కూడా రమ్మన్నాను. ఆ రోజు బీడీ ఆకు రాక ఆమెకు పని లేదు. పని లేకపోయినా వేళ్లు ఊరుకోవు కదా, హాలులో కూర్చుని కొంగు చివరను బీడీలా చుడుతూ, విప్పుతూ ఉంది.

సినిమా పల్లెటూరి కథ. ఒక యువకుడు తల్లి పెట్టిన అన్నం తింటూ తింటూ సగంలో లేస్తాడు. చేయి కడుక్కుంటాడు. సంచి భుజానికి తగిలించుకుంటాడు. తల్లి వాకిట్లో నిలబడి చూస్తుంది. తెర మీద టక్కుమని ఒక చప్పుడు. మరుక్షణం అదే వాకిట్లో తెల్లగుడ్డ కప్పిన శవం. మధ్యలో ఏమీ లేదు. హాలులో ఎవరూ ఈల వేయలేదు, ఆపరేటర్‌ను తిట్టలేదు. మా వెనక వరుసలో ఒకామె నెమ్మదిగా ‘బొంబయి పోయిండు’ అన్నది. పక్కనున్నామె ‘ఆఁ’ అన్నది. చిన్నమ్మ వేళ్లు ఆగిపోయాయి. సినిమా అయిపోయేదాకా మళ్లీ కదలలేదు.

సినిమాలు కురచగా అయిపోవటం అప్పుడు మామూలే. పొద్దుగూకేలోపు జనం ఇల్లు చేరాలి. పైగా పాటలు లేని కొత్తరకం సినిమాల గురించి పత్రికల్లో చదివి ఉన్నాను, ఇది అదేననుకున్నాను. ఉబ్బితబ్బిబ్బై రాశాను. ఒక్క తుపాకి చూపకుండా, ఒక్క పాట పెట్టకుండా, కొడుకు వెళ్లడాన్నీ తిరిగి రావడాన్నీ పక్కపక్కన పెట్టిన దర్శకుడు మనకు ఇంకొకడు లేడన్నాను. అతను బొంబాయి వెళ్లాడని కోరుట్ల ప్రేక్షకులకు చెప్పకుండానే అర్థమైందని కూడా రాశాను. అదెందుకు రాశానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

సమీక్ష అచ్చయిన కొద్ది రోజులకే ఎడిటర్ నుంచి కార్డు వచ్చింది. ఆ సినిమాలో పాటలు ఆరు, తుపాకులు లెక్కలేనన్ని, బొంబాయి మాత్రం ఎక్కడా లేదు, పాఠకులు నవ్వుతున్నారు, మీరు చూసింది ఏ సినిమా అని.

వెళ్లి టాకీసు ఆపరేటర్‌ను అడిగాను. ఆయన దాచలేదు. ఆ సినిమాలో సగం అడవే. ఒక రీలులో అన్నలు పోలీసులను కొడతారు, ఇంకో రీలులో పోలీసులు అన్నలను కొడతారు. మొదటిది వేస్తే ఠాణా నుంచి పిలుపు వస్తుంది, రెండోది వేస్తే రాత్రికి అన్నలు గోడ మీద బెదిరింపు కాగితం అంటిస్తారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. యజమాని రెండూ వద్దన్నాడు. పాటలు కూడా అడవిలోవే కాబట్టి వాటితోపాటే పోయాయి. ఆ రీళ్లను పెట్టెలోంచి తీయనే లేదట. నేను మెచ్చుకున్నది దర్శకుణ్ణి కాదు, ఈయన పెట్టెలోనే ఉంచిన రీళ్లను. చాలా సిగ్గేసింది.

సెలవు పెట్టి హైదరాబాదు పోయి మొత్తం సినిమా చూశాను. అడవి పచ్చగా ఉంది. హీరో బట్టలు నలగలేదు. పాటల్లో వాన, ఫైటింగుల్లో ఈలలు. చివరికి శవం వాకిట్లోకి వచ్చేసరికి జనం లేచి స్కూటర్ల తాళాలు వెతుక్కుంటున్నారు. కోరుట్లలో ఊపిరి బిగబట్టి చూసిన సీను అదే, ఒక్క ముక్కా మారలేదు.

అట్నుంచే పత్రిక ఆఫీసుకు వెళ్లాను. ఎడిటర్ మంచివాడే. నవ్వుతూనే, బొంబాయి ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అని అడిగాడు. చెబితే అది సినిమా సంగతి కాదు, చిన్నమ్మ కొడుకు సంగతి అవుతుంది. పొరపాటు పడ్డానన్నాను. వచ్చే సంచికకు సవరణ రాసిమ్మని, తర్వాత మామూలుగా సమీక్షలు పంపుకొమ్మని అన్నాడు.

నేను తిరిగొచ్చేసరికి చిన్నమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. హైదరాబాదు ఎందుకు పోయానో ఆమెకు తెలుసు. నీళ్లు తాగనిచ్చి అడిగింది.

“మొత్తం సూసినవా కొడుకా?”

చూశానన్నాను. ఆ పిల్లవాడు ఎక్కడికి పోయాడో చూపించారా అంటే, చూపించారన్నాను. ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టి పక్కన పెట్టింది.

“ఆడ ఏం తిన్నడు?”

ఆ సినిమాలో అతను పాడాడు, పరిగెత్తాడు, కాల్చాడు. ఒక్క ముద్ద తినలేదు. అంత డబ్బు పెట్టి అడవిని తీసినవాళ్లలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. నేను జగిత్యాలలో నేర్చుకున్న చూపుకీ తట్టలేదు.

“ఓ ముసలవ్వ ఇంట్ల తిన్నడు, సిన్నమ్మ. మక్కగట్క పెట్టింది.”

ఆ మొక్కజొన్న సంకటి కడుపునిండా తిన్నాడా అని అడిగింది. తిన్నాడన్నాను. అవ్వ మంచిదేనా అని అడిగింది. మంచిదేనన్నాను. చిన్నమ్మ చాటలోంచి ఇంకో ఆకు తీసుకుంది.

“గది గూడ రాయి. అచ్చుల రావాలె.”

సవరణ రాశాను. పాటలు ఆరని, తుపాకులు ఉన్నాయని, బొంబాయి లేదని, తప్పు నాదని ఒప్పుకున్నాను. చివర ఒక వాక్యం చేర్చాను: అడవిలో ముసలవ్వ ఆ పిల్లవాడికి కడుపునిండా గట్క పెట్టే సీను బాగుంది. ఎడిటర్ ఆ సినిమా చూశాడని తెలుసు. తెలిసే పంపాను.

మరుసటి నెల పత్రికతో పాటు కార్డు కూడా వచ్చింది. సినిమాలో లేనివి చూసేవాళ్లు తమకు అక్కర్లేదని, ఇక సమీక్షలు పంపవద్దని. బాధేసింది. ఆ పేజీలో నా పేరు చూసుకోవటం అదే చివరిసారి.

చిన్నమ్మకు చదువు రాదు. పత్రిక వచ్చిందని తెలియగానే చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. చదివాను. పాటలు, తుపాకులు, నా తప్పు, అన్నీ వరుసగా ఉన్నాయి. అక్కడితో అచ్చు అయిపోయింది. చివరి వాక్యం తీసేశారు. నేను ఆగకుండా, పేజీ మీంచి కళ్లు తీయకుండా, ముసలవ్వ ఆ పిల్లవాడికి కడుపునిండా గట్క పెట్టిందని చదివాను.

చిన్నమ్మ ఆ పేజీ వైపు చూసింది.

“గదే ఇంకోపారి సదువు” అన్నది.

చదివాను.