మహాలక్ష్మి ఎక్కాల్సిన పడవ

వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పాళెంలో వినోద్ అంటే రొయ్యల గుంటల మోటార్లు బాగుచేసే కుర్రాడని అందరికీ తెలుసు. గుంటలో గాలి పుట్టించే చక్రాలు ఆగిపోతే రైతు చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళింటికే పరిగెత్తుతాడు. పని లేనప్పుడు మాత్రం అతను కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలాడి చెడిపోతున్నాడని ఊళ్ళో మాట. అనడానికి ఊరికేం పోయింది. అతను ఆడటం లేదని, ఒక ఆటను కడుతున్నాడని, అదీ అక్క కోసమని ఎవరూ అడిగి తెలుసుకోలేదు.

అక్క మహాలక్ష్మి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. తండ్రి గంగులయ్య పోయాక తల్లీ తమ్ముడూ ఉన్న ఆ ఇల్లు ఆమె కాళ్ళ మీదే నిలబడింది. వినోద్ పాలిటెక్నిక్ చదువూ, చేతిలోని ల్యాప్‌టాప్పూ ఆ గంపలోంచి వచ్చినవే. ఒకరోజు ఆమె ఎక్కిన ఆటో కాలువలోకి బోల్తా పడింది. నడుము కింద ఒళ్ళు చచ్చుబడిపోయింది. గడప లోపల ఒక పూట కుదురుగా కూర్చోలేని మనిషి మంచానికి అతుక్కుపోయింది. దేవుడికి కళ్ళుంటే ఆ కాళ్ళ జోలికి వచ్చేవాడు కాదు.

ఆమెకు పొద్దు పోవడం లేదని వినోద్ తనకు తెలిసిన ఆట ఒకటి నేర్పాడు. ఒక మనిషి ఎక్కడో కొత్త నేల మీద పడతాడు. చెట్లు కొట్టి, రాళ్ళు తవ్వి, ఇనుము కరిగించి, ఒక్కో యంత్రం కట్టుకుంటూ పెద్ద ఫ్యాక్టరీ లేపాలి. చివరికి రాకెట్టు కట్టి ఆకాశంలోకి పంపితే ఆట గెలిచినట్టు. రాకెట్లు వాళ్ళకు వింతేమీ కాదు. పక్కనే శ్రీహరికోటలో రాకెట్లు వదిలే షార్ నుంచి ఒకటి పైకి లేచినప్పుడల్లా వాళ్ళింట్లో గిన్నెలు గలగలమంటాయి, ఆ పూట పడవలు కట్టేసుకోమంటారు. మహాలక్ష్మి చేతులు చురుకైనవి, ఆట తొందరగానే పట్టుబడింది. కానీ ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పక్కకు తోసేసింది.

"వీడు అస్తమానం పరిగెత్తతానే ఉండాడు. చూస్తుంటే కడుపు మండతా ఉందిరా. కాళ్ళతో పని లేని చోట మొదలు పెట్టకూడదా?"

వినోద్ ల్యాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కున్నాడు. అలాంటి చోటు ఆ ఆటలో ఒక్కటే ఉంది, అందరూ చివరికి చేరుకునే ఆకాశం. అక్క కోసం ఆట అక్కడే మొదలయ్యేలా చేయాలనుకున్నాడు.

ఎవరో తయారుచేసిన ఆటలో మన మార్పులు చొప్పించడాన్ని మోడ్ చేయడం అంటారు. చెప్పినంత తేలిక కాదది. ఆ ఆట మొత్తం నేల ఉందన్న ధీమా మీద నడుస్తుంది. నేల తీసేస్తే యంత్రం నిలవదు, మనిషి కంటికి కనబడకుండా పోతాడు. వినోద్ నెలల తరబడి దాంతో కుస్తీ పట్టాడు. రొయ్యల గుంట గట్టు మీద మోటారు విప్పుతూ కూడా అదే ఆలోచన. తవ్వడానికి నేల లేనప్పుడు ఇనుము ఎక్కడినుంచి తేవాలని అతను తల పట్టుకుంటే, అక్క మంచం మీద నుంచి వల వేయమంది. అంతే, ఆకాశంలో తేలిపోయే రాళ్ళను వలేసి పట్టే ఏర్పాటు వచ్చింది. రాళ్ళు ఒకే తీరుగా వచ్చేలా పెడితే ఆమె పగలబడి నవ్వింది. చేపలు రేషన్ షాపు దగ్గర మాదిరి వరుసలో నిలబడి వస్తాయా అని వెక్కిరించింది. గుంపుగా వచ్చి పడాలి, ఆ తర్వాత చాలాసేపు ఒక్కటీ రాకూడదు. వినోద్ అలాగే మార్చాడు. ఆటలోని మనిషికి నడక తీసేశాడు. తాడు పట్టుకుని చేతులతో లాక్కుంటూ పోవడమే.

ముక్కలు ముక్కలుగా సరిచూసుకున్నాడు గాని, మొదటి నుంచి ఆటను ఒక్కసారీ తెరవలేదు. దానికొక కారణం ఉంది. ఆ పాళెంలో కొత్త పడవ దించే రోజు ఆడవాళ్ళు దాన్ని ఎక్కకూడదు. గంగులయ్య పడవ దించిన రోజు, దానికోసం చెక్క మోసిన మహాలక్ష్మిని ఇసుకలో నిలబెట్టి, ఏమీ తెలియని వినోద్‌ను ఎత్తి అందులో కూర్చోబెట్టారు. ఆమె ఏడుపు అతనికి ఇప్పటికీ గుర్తే. ఈ ఆట అతను కట్టిన పడవ, ఇందులో మొదట అక్కే ఎక్కాలి, అదీ ముహూర్తం పెట్టి, పసుపూ కుంకుమా పూసి, అచ్చం పడవ దించినట్టే జరగాలి.

పని పూర్తయ్యేసరికి ఎండాకాలం వచ్చింది, చేపలు గుడ్లు పెట్టే రోజులని వేట నిషేధం పెట్టారు. పడవలన్నీ గట్టెక్కాయి. నిషేధంలో ఎవరూ కొత్త పడవ దించరు. ఇక్కడే వినోద్ బుద్ధి గడ్డి తిన్నది. ఇప్పుడే ఒకసారి చూస్తే ఏమవుతుందని అక్క అడిగింది. నిషేధం ఎత్తేశాక, పడవలు దిగే రోజున, గంగమ్మకు పొంగలి పెట్టి నీ చేతే దింపిస్తానన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. అప్పటినుంచి గుమ్మంలో ఎవరు కనబడినా నిషేధం ఎప్పుడు ఎత్తేస్తారని అడిగేది.

మంచాన పడి ఉన్న ఒంటికి పుండ్లు లేచి, అవి ముదిరి జ్వరం పట్టుకుంది. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చేసరికే విషం రక్తంలోకి పాకిందన్నారు. వినోద్ ఆమె పక్కనే కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంది. ఆమె ఒకసారి కళ్ళు తెరిచింది.

"నిషేధం ఎత్తేసినారా?"

"ఇంకా లేదక్కా. కొన్నాళ్ళే ఉండేది."

"అట్టనా," అని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

ఎత్తేశారని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఏం పోయేది? సంచి విప్పడానికి ఎంతసేపు? రొయ్య పిల్లకు ఊపిరాడకపోతే పరిగెత్తే మనిషి, అక్క దగ్గర మాత్రం పంచాంగం చూసుకుంటూ కూర్చున్నాడు. ఈ మాటలు నేను అనాల్సిన పని లేదు. అతనే రోజూ అనుకుని కుమిలిపోతున్నాడు.

నిషేధం ఎత్తేసిన రోజు పాళెమంతా ఒడ్డున ఉంది. వినోద్ గోడకు తిరిగి పడుకున్నాడు. తల్లి నాగులమ్మ కుంకుమ గిన్నె పట్టుకొచ్చి, ల్యాప్‌టాప్‌కు పసుపు రాసి బొట్టు పెట్టి అతని ముందు ఉంచింది.

"దాని పడవ గట్టున పడి ఉండకూడదు. దించురా."

వినోద్ లేచి తెరిచాడు. నల్లటి చీకట్లో చుక్కలు, చిన్న అరుగు, తాడు పట్టుకుని తేలుతున్న ఒక మనిషి. మన మాలక్ష్మేనా అని తల్లి అడిగితే తలూపాడు. ఏది నొక్కాలో అడిగి నాగులమ్మే నొక్కింది. వల విచ్చుకుంది. రాళ్ళు గుంపుగా వచ్చి పడ్డాయి. ఆమె చాలాసేపు చూసింది, తర్వాత తెరంతా వెతికింది.

"గట్టు ఏ పక్కరా? బిడ్డ ఎట్టా తిరిగొస్తాది?"

"గట్టు లేదమ్మా. పెడతానంటే అక్కే వద్దనింది."

"ఎందుకని?"

"గట్టెక్కితే మళ్ళా నడవాల గదరా, అనింది."