అరచేతుల మధ్య సుద్దముక్క

సౌదీలోని దమ్మామ్‌లో మా బడికి వైట్‌బోర్డులు వచ్చాక కూడా కడప నుంచి వచ్చిన చరిత్ర మాస్టారి జేబులో సుద్దముక్క ఉండేది. పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా పాఠంలో దాన్ని తీసి, రెండు అరచేతుల మధ్య పెట్టేవారు.

"ఇవి రెండు సామ్రాజ్యాలు. కొట్లాడుకున్నంత కాలం తప్పించుకున్నోనికి పక్క రాజ్యంలో చోటుండె. భద్రత కోసమని కలిసినాక ఇంగేముంది" అంటూ నలిపేసేవారు.

మా బడి యజమానితో మాటామాటా పెరిగి, మాస్టారు పోటీ బడికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఒకరి టీచర్లను ఒకరు తీసుకోకూడదని మా వీసాలు చేతిలో ఉన్న ఆ ఇద్దరు కఫీళ్లూ, అంటే రెండు బళ్ల యజమానులూ, అప్పటికే ఒప్పుకున్నారట. ఆయన వీసా రద్దు చేసి, దేశం విడిచి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. తోటి టీచర్లం బతిమాలడానికి వెళ్తే యజమాని మాకు టీ ఇప్పించి పంపేశాడు.

ఎయిర్‌పోర్టులో, "పాఠమైతే బాగానే చెప్పినా గానీ, నేనే నేర్చుకోలేదప్పా" అన్నారు. వీడ్కోలుగా చేతులు జోడించబోయి, సగంలో ఆపేశారు.