టేపు బాబాయి కొలతలు

టేపు బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు, కంటబడిందల్లా కొలవడం. రవాణా ఆఫీసులో ఆయన సర్వే గుమాస్తా. ఆయన అన్నకూతురు అక్కడే టైపిస్టు కావడం ఆవిడ ఖర్మ. వస్తూనే గడప కొలుస్తాడు, టీగ్లాసు కొలుస్తాడు. ఓసారి ఆఫీసరు కూర్చునుండగానే ఆయన కుర్చీ కొలిచాడు.

“ఏంటయ్యా అది?”

“తమరి కాళ్లు నేలకి ఆనడం లేదండీ. రెండంగుళాలు తేడా.”

ఆ నెలంతా టైపిస్టు తలెత్తుకు తిరగలేదు.

ఇంతలో ఆఫీసుకి మెట్టు కిందికుండే కొత్త బస్సొకటి వచ్చింది. దాన్ని ఆస్పత్రి దారిలో వేయాలా, ఆఫీసరుగారి కాలనీకి వేయాలా తేల్చడానికి సర్వే పెట్టారు. మిగతా గుమాస్తాలు బస్టాపులో నిలబడి మధ్యాహ్నానికల్లా తేల్చేశారు: నడవలేనివాళ్లు సున్నా, అవసరం సున్నా. బస్సెక్కలేనివాళ్లు బస్టాపులో ఎందుకుంటారని ఆ మేధావుల్లో ఒక్కడికీ తట్టలేదు. బాబాయి మాత్రం నెల్లాళ్లు ఇంటింటికీ తిరిగి గడపలూ స్టూళ్లూ కొలిచాడు.

“పరువు తీస్తున్నావు బాబాయ్. బస్సెక్కగలరా అని అడిగితే పోయేదానికి ఈ కొలతలేంటి?”

“అడిగితే చెప్పరే అమ్మాయ్.”

“ఎందుకు చెప్పరూ?”

ఆయన ఆవిడ కీబోర్డు కొలుచుకుని వెళ్లాడు.

చివరిరోజు ఆఫీసరు, అయిదింటికి రిపోర్టు అందకపోతే బస్సు కాలనీకేనన్నాడు. టైపిస్టు తిట్టుకుంటూ బాబాయి కాగితాల కట్ట విప్పింది. ముప్ఫై ఏడో కాగితం మీద తమ ఇంటి నంబరుంది.

“వయసు అరవై నాలుగు. ఆస్పత్రికి వెళ్లక రెండేళ్లు. అడిగితే, వెళ్లాలని లేదంటుంది. పాదం లేచేది ఆరంగుళాలు. పాత బస్సు మెట్టు పదిహేను, కొత్తది అయిదు.”

వెళ్లాలని లేదని అమ్మ రెండేళ్లుగా అంటూనే ఉంది. కూతురు నమ్మేసింది. సిగ్గేసి ఇంటికి ఫోన్ చేసింది.

“అమ్మా, బాబాయి నీ కాలు కొలిచాడా?”

“నా కాలెందుకు కొలుస్తాడే? వంటింటి స్టూలు కొలిచాడు. ఎత్తు సరిపోయిందేమో ఎక్కి చూడు వదినా అన్నాడు. కాలు సగంలోనే ఆగిపోయింది. స్టూలు చేసినవాణ్ని నాలుగు తిట్టి పోయాడు, పిచ్చి మారాజు.”

టైపిస్టు ఇంక టీకి కూడా లేవలేదు. అయిదుకి రెండు నిమిషాలుందనగా నూట నలభై కాగితాల లెక్కా ఆఫీసరు బల్ల మీద పెట్టింది. అన్ని అంగుళాల ముందు మిగతా గుమాస్తాల సున్నా నిలవలేదు. బస్సు ఆస్పత్రి దారినే పడింది.

మొదటిరోజు అమ్మ మెట్టు మీద కాలు పెట్టబోతుంటే బస్సులో అందరూ అటే చూశారు. టైపిస్టు గబుక్కున బ్యాగులోంచి టేపు తీసి కండక్టరు సంచీ కొలవడం మొదలెట్టింది. చూపులన్నీ ఇటు తిరిగాయి.

“ఏంటమ్మా ఇది?” అన్నాడు కండక్టరు.

“వాళ్ల నాన్నవైపు జబ్బులే బాబూ, పట్టించుకోకు,” అంది అమ్మ, అప్పటికే సీట్లో సర్దుకు కూర్చుని.